ఈదులగూడెం ప్రదర్శనలో పాలపోటీ

ఈదులగూడెం ప్రదర్శన మొదట్లో ప్రదర్శన కాదు, అంగడి. వరికోతలయ్యాక చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు ఎడ్లను తోలుకొచ్చి ఊరవతలి బీడులో అమ్ముకునేవారు. కంబళ్ళు, పగ్గాలు, నాగలి కర్రులు కూడా అక్కడే దొరికేవి. పంచాయతీ సమితులు వచ్చాక ఆ బీడు చుట్టూ తాడు కట్టి, గేటు పెట్టి, లౌడ్‌స్పీకర్ తెచ్చి దానికి వ్యవసాయ, పశు ప్రదర్శన అని పేరు పెట్టారు. గేటు పెట్టిన రోజు జనం లోపలికి పోలేదు. టిక్కెట్టు ఉంటుందనుకున్నారు. గ్రామసేవక్ బయటికి వచ్చి, ఊరికే రావచ్చని చెప్పి పిలుచుకుపోయాడు.

ఆ రోజుల్లో జనం చూడ్డానికి వచ్చింది ఎడ్ల జతలను, దున్నుడు పోటీని. సాలు వంకర పోకుండా దున్నినవాడికి తలపాగా కట్టేవారు. తర్వాత ఎరువుల బస్తాలు వచ్చాయి, డీజిల్ పంపు వచ్చింది. పంపు నీళ్ళు పోస్తుంటే ఆడవాళ్ళు బిందెలు తెచ్చి నింపుకునేవారు. దాన్ని అమ్మడానికి కరీంనగర్ నుంచి వచ్చిన మనిషి మొదట వద్దన్నాడు, తర్వాత ఊరుకున్నాడు. పొద్దుగూకాక ప్రచార శాఖ వ్యాను వచ్చి తెర కట్టి సినిమా వేసేది. దానికి ముందు చేలో పురుగుమందు ఎలా చల్లాలో చెప్పే బొమ్మ ఒకటి ఉండేది. ఏటా అదే బొమ్మ. ఒక ఏడు ఫిలిం తెగితే మిగిలిన మాటలు జనమే చెప్పేశారు.

గోదావరిఖని వైపు గనులు తెరిచాక ప్రదర్శన మారింది. ఈదులగూడెం మెట్ట చెల్కలు కొన్ని గని కిందికి పోయాయి. చెల్కలు పోగొట్టుకున్నవాళ్ళలో చాలామందికి గనిలో పని దొరికింది. దున్నుడు పోటీకి వచ్చే జతలు తగ్గాయి. సమితివాళ్ళు ప్రదర్శన తేదీని గని జీతాల వారానికి జరిపారు. వరికంకుల స్టాలు పక్కన బొగ్గు స్టాలు వెలిసింది. అందులో ఒక బొగ్గు పెళ్ళ, ఒక టోపీ లైటు, చెక్కతో చేసిన గని నమూనా పెట్టారు. రోజూ బొగ్గు ఎత్తే మనుషులు భార్యాపిల్లలను తీసుకొచ్చి ఆ లైటు చూపించేవారు.

గని కార్మికుల క్వార్టర్లు పెరిగాయి. క్వార్టర్లకు పాలు కావాలి. దున్నుడు పోటీ జరిగిన చోట పాలపోటీ మొదలైంది. అరవై తొమ్మిదిలో తెలంగాణ ఉద్యమం వల్ల ప్రదర్శన జరగలేదు. ఆగిపోయిన ఏటికి కూడా కలిపి డెబ్బైలో జరపాలనుకున్న సమితి, పాలపోటీలో గెలిచినవాళ్ళకు ఒక ముర్రా పడ్డను, ఇంకా ఈనని పడుచు బర్రెను, బహుమతిగా పెట్టింది.

ఆ పడ్డ మీద సువార్తమ్మ ఆశ పెట్టుకుంది.

ఆమెకు ఆశ పెట్టినవాడు సదయ్య. అతను ఈదులగూడెం మనిషే. చెల్క పోయి గనిలో ఫిల్లరు పని వచ్చింది. పేల్చిన బొగ్గును తట్టలకెత్తి టబ్బుల్లో నింపడం ఆ పని. క్వార్టర్ వచ్చాక, బెల్లంపల్లిలో పాలవ్యాపారం మానుకుని పోతున్న ఒకతని దగ్గర ముర్రా బర్రెను కొన్నాడు. కొన్నాక గాని దాన్ని ఎక్కడ ఉంచాలో ఆలోచించలేదు. క్వార్టర్ల వరసలో పశువులను ఉంచనివ్వరు. ఊళ్ళో ఇల్లు అన్నల వాటాకు పోయింది.

గనిలో సదయ్యకు జోడీ యిర్మియా. ఒకరి తలకు ఒకరు తట్ట ఎత్తుకునేవారు. యిర్మియాది ఈదులగూడెం అంచున ఉన్న చర్చి వాడ. ‘నా కొట్టంల కట్టెయ్యి బావా’ అన్నాడు. అలా బర్రె పెంపుకు పోయింది.

పెంపు అంటే ఆ ఊళ్ళలో పాత పద్ధతి. పశువు ఒకరిది, మేత ఇంకొకరిది. పొద్దుటి పాలు యజమానికి, మాపటి పాలు మేపినవాళ్ళకు. దూడల్లో ఒకటి విడిచి ఒకటి. మొదటి ఈత యిర్మియా భార్య సువార్తమ్మ వంతు. దున్నదూడ పుట్టింది. రెండో ఈత సదయ్య వంతు. పెయ్య పుట్టింది. యిర్మియా దాని గురించి ఒకరోజు నవ్వాడు. సువార్తమ్మ నవ్వలేదు.

ఈ పెంపులో బయటికి చెప్పని సంగతి ఒకటి ఉంది. చర్చి వాడవాళ్ళ చేతి నీళ్ళు ఊళ్ళోవాళ్ళు తాగరు. ఆ వాడలో పిండిన పాలు కొనరు. ఊరి నుంచి క్వార్టర్లకు వచ్చినవాళ్ళూ ఆ పట్టింపును వెంట తెచ్చుకున్నారు. అందుకని సదయ్య భార్య కనకవ్వ తెల్లవారకముందే వాడకు పోయి పాలు తెచ్చి, క్వార్టర్ల వరసలో ఇళ్ళకూ ఎల్లేశం చాయ్ హోటలుకూ పోసేది. బర్రె ఎక్కడుందంటే మా తమ్మునింట్ల అనేది. ఏ తమ్ముడు, ఏ ఊరు అని ఎవరూ అడగలేదు.

పడ్డ సంగతి తెలిసిన నాడు సదయ్య షిఫ్టు దిగి యిర్మియాతో పాటే చర్చి వాడకు వచ్చాడు. సువార్తమ్మ బర్రెకు కుడితి పెడుతోంది.

‘చెల్లె, మన బర్రెకు ఎదురు నిలిచే బర్రె ఈ తాలూకల ఉన్నదా?’ అన్నాడు.

‘నాకేం ఎరుక అన్నా. నేను తాలూకంత తిరిగిన్నా?’

‘ఆమెను అడుగుడెందుకు బావా,’ అన్నాడు యిర్మియా. ‘ఆమె బర్రెతోని మాట్లాడుతది గని నాతోని మాట్లాడది.’

‘అదన్న చెప్పింది ఇంటది,’ అంది సువార్తమ్మ.

సదయ్య పోటీ సంగతి చెప్పాడు. ‘గెలిస్తే పడ్డ నీదే. పెంపు గింపు లేదు. నీ కొట్టంల నీ పశువు.’

సువార్తమ్మ కుడితి గోలెం కింద పెట్టింది. ఆమె తల్లి పశువులను పెంపుకు మేపింది. ఆమె అత్తా పెంపుకే మేపింది. ఆ వాడలో తన పగ్గానికి తన పశువును కట్టేసుకున్న ఆడమనిషి లేదు.

‘ఒట్టేనా అన్నా?’

‘ఒట్టు.’

‘మరి పిండేది ఎవలు?’

సదయ్య యిర్మియా వైపు చూశాడు. యిర్మియా బీడీ ముట్టించుకుంటున్నాడు.

‘వదినె పిండుతది. నువ్వు...’

‘నేను తాడు అవుతల నిలవడుత. తెల్సు.’

ఆ మాట తను చెప్పాల్సిన పని లేకపోయినందుకు సదయ్యకు తేలికయింది.

బర్రె ఊరికే చేపదు, పొదుగులోకి పాలు దించదు. రోజూ పిండే చెయ్యి కావాలి, ఆ మనిషి వాసన కావాలి. అందుకని సువార్తమ్మ తన పాత చీర ఒకటి కనకవ్వకు ఇచ్చింది. కనకవ్వ ఆ చీర కట్టుకుని రోజూ పిండటం నేర్చుకుంది.

‘గీ చీరల చూస్తే నీ పెనిమిటి గూడ నన్ను పట్టుకొని ఏమే అంటడు గావచ్చు,’ అంది కనకవ్వ.

‘ఆయన సంగతి ఇడిచిపెట్టు వదినె. బర్రె మోసపోతె చాలు.’

బర్రె మొదటి రోజు తన్నింది. తర్వాత ఊరుకుంది. కొన్నాళ్ళకు చేపింది. రాబోయే పడ్డ కోసం యిర్మియా కొట్టంలో మేతకు రెండో గాడి కట్టాడు. కనకవ్వ ఆ రోజుల్లో ఆ ఇంట్లో నీళ్ళు తాగింది. ఆ సంగతి మొగుడికి చెప్పలేదు.

ప్రదర్శన మొదటి రోజు సువార్తమ్మ, యిర్మియా బర్రెను బీడు దాకా తోలుకొచ్చారు. అక్కడ సదయ్య పగ్గం అందుకుని గేటులోంచి లోపలికి నడిచాడు. యిర్మియా పెయ్యను పట్టుకుని అతని వెంట పోయాడు. సువార్తమ్మ పక్కదారిన చుట్టు తిరిగి జనం వైపు వచ్చింది.

పోటీ నియమాలను గ్రామసేవక్ లౌడ్‌స్పీకర్లో చదివాడు. మొదటి రోజు మాపున అందరి ముందూ పొదుగు ఖాళీ చెయ్యాలి. రాత్రి పశువులు సమితి కాపలాలో ఉంటాయి. మర్నాడు పొద్దున గని సైరన్ మోగాక పిండిన పాలను తూచి గెలుపు చెబుతారు. యజమాని పిండినా సరే, యజమాని పిలిచిన మనిషి పిండినా సరే.

మాపు పని సాఫీగా జరిగింది. జనం ఒగ్గుకథ దగ్గర ఉన్నారు. కనకవ్వ సువార్తమ్మ చీరలో కూర్చుంది. పెయ్యను వదిలి, లాగి కట్టేశారు. బర్రె తల తిప్పి చూసి చేపింది. పశువుల డాక్టరు పొదుగు తడిమి సరే అన్నాడు. సదయ్య తాడు అవతలికి చూశాడు. బొగ్గు స్టాలు పక్కన సువార్తమ్మ నిలబడి ఉంది. తల ఊపాడు. ఆమె కూడా ఊపింది.

మర్నాడు పొద్దున జనమంతా పాలపోటీ దగ్గరికే వచ్చారు. లౌడ్‌స్పీకర్ను బర్రెలు కట్టిన చోటికి జరిపారు. రంగులరాట్నంవాడు డప్పు కొడుతున్నాడు. తాడు దగ్గర ముందు వరసలో ఐలవ్వ ఉంది. క్వార్టర్ల వరసలో మొదటి ఇల్లు ఆమెది. కొడుకు గనిలో సర్దారు, కూలీల మీద మేస్త్రీ. కనకవ్వ పాలు మొదట పోసేది ఆమె ఇంట్లోనే.

‘పోటీకొచ్చి గీ పాత చీరేందే కనకవ్వా?’ అంది ఐలవ్వ. ‘పెట్టెలున్న చీరెలన్ని ఎవలకు దాస్తున్నవ్?’

‘పెండ అంటుతదని అవ్వా.’

‘పడ్డ గెలుస్తె నాకు బోణి పాలు నువ్వే పొయ్యాలె.’

సైరన్ మోగింది. పెయ్యను వదిలారు. అది పొదుగును నాలుగుసార్లు కుమ్మింది. లాగి కట్టేశారు. కనకవ్వ చన్నులు పట్టుకుంది. పక్క బర్రెల కింద బకెట్లలో ధారల చప్పుడు మొదలైంది. కనకవ్వ బకెట్లో చప్పుడు లేదు. పెయ్యను మళ్ళీ వదిలారు, మళ్ళీ లాగారు. బర్రె కాలు మార్చింది. లౌడ్‌స్పీకర్ గీపెట్టినప్పుడల్లా దాని వీపు మీద తోలు కదిలింది.

‘నా తల్లి గదా, నా అవ్వ గదా,’ అని కనకవ్వ దాని డొక్క నిమిరింది. సువార్తమ్మ రోజూ అనే మాటలే అవి. బర్రె వినలేదు.

డాక్టరు వచ్చాడు. ‘రోజూ పిండేది ఈమేనా?’

‘ఈమెనే సార్,’ అన్నాడు సదయ్య.

‘బర్రె కాదంటున్నది.’

తాడు అవతల నవ్వారు.

‘చప్పుడుకు బెదిరింది సార్.’

‘బెదిరిన పశువు అలవాటైన మనిషి వస్తే దిగుతుంది. ఇంట్లో ఇంకెవరైనా పిండుతారా? ఉంటే పిలువు. రూలు అడ్డం రాదు.’

సదయ్య తల ఎత్తాడు. సువార్తమ్మ బొగ్గు స్టాలు దగ్గర లేదు. తాడు దాకా వచ్చింది. ఒక చెయ్యి తాడు మీద వేసింది. చెంగు నడుముకు దోపుకుంది. బర్రె మెడ తిప్పి అటే చూస్తోంది. చెవులు ముందుకు పెట్టింది. ఐలవ్వ ఆ చూపు వెంట చూడబోయింది. సదయ్య జరిగి, బర్రెకూ ఆ తాడుకూ నడుమ నిలబడ్డాడు.

లౌడ్‌స్పీకర్లో గ్రామసేవక్ గొంతు వచ్చింది. ‘ఈదులగూడెం సదయ్య బర్రె చేపుత లేదు. రోజు పిండేటోళ్ళు ఇంకెవలన్న ఉంటే లోపటికి రావాలె. జల్ది రావాలె. మల్ల చెప్తున్న...’

పెయ్య పగ్గం పట్టుకున్న యిర్మియా సదయ్య పక్కకు వచ్చాడు. గొంతు తగ్గించి, ‘పిలువు బావా’ అన్నాడు.

‘జర ఆగు.’

‘ఆగితె పాలు మీదికి పోతయి. పిలువు. పనామె అని పిలువు. పెండ తీసేదని పిలువు. ఏమని పిలిచినా ఆమె ఏమనుకోదు.’

సదయ్య జనం వైపు చూశాడు. ఐలవ్వ ఉంది. ఆమె వెనక ఎల్లేశం గ్లాసులు పట్టుకుని నిలబడి ఉన్నాడు. వరసలో పాలు పోయించుకునే ఇళ్ళవాళ్ళు చాలామంది ఉన్నారు. అందరూ అతని నోటి వైపు చూస్తున్నారు. నవ్వులు ఆగిపోయాయి.

‘ఉన్నారా, లేరా?’ అన్నాడు డాక్టరు.

‘ఎవల్లేరు సార్.’

గ్రామసేవక్ మైకులో ఆ మాట తిరిగి చెప్పాడు. ‘ఎవల్లేరట.’

సువార్తమ్మ తాడు మీద నుంచి చెయ్యి తీసింది. నడుముకు దోపిన చెంగు లాగి భుజం మీద వేసుకుంది. వెనకున్న మనుషులను తప్పించుకుని వెళ్ళిపోయింది. కనకవ్వ బకెట్ పట్టుకుని లేచింది. అందులో పాలు అడుగును కప్పాయి, అంతే. కాంటా ముల్లు కొంచెం కదిలింది.

పడ్డను సుల్తానాబాద్ వైపు నుంచి వచ్చిన రైతు గెలుచుకున్నాడు. దాని మెడలో బంతిపూల దండ వేసి మైదానమంతా తిప్పాడు.

ఓడిపోయినందుకు సదయ్యను ఎవరూ ఎగతాళి చెయ్యలేదు. ఆ ఊరివాళ్ళు ఓడినవాణ్ణి ఊరికే వదలరు. సదయ్యకు అది అర్థం కాలేదు. ఎల్లేశం ప్రదర్శనలో చాయ్ దుకాణం పెట్టాడు. సదయ్య అక్కడికి పోయి బల్ల మీద కూర్చున్నాడు. ఐలవ్వ అప్పటికే అక్కడ ఉంది. ఎల్లేశం గ్లాసు చేతికిచ్చాడు.

‘తాగు. పైసలద్దు.’

‘ఓడిపోతిమి ఎల్లేశం.’

‘బర్రె ఓడింది. నువ్వెందుకు ఓడినవ్?’

‘ఏందది?’

ఎల్లేశం ఐలవ్వ వైపు చూశాడు. ఐలవ్వ చుట్ట తీసి పక్కన పెట్టింది.

‘నువ్వు యాడ పిలుస్తవో అని నా పాణం అల్లల్లాడింది బిడ్డా. పిలిస్తె రేపటికెల్లి నేను పాలు మానాలె గద. గీ వయసుల నల్లచాయ్ తాగి బతుకుదునా?’

‘నీకు ఎరుకనా అవ్వా?’

‘నీ పెండ్లాం బిందె వట్టుకొని ఏ దిక్కుకెల్లి వస్తదో నాకు కండ్లు లేవా?’

‘ఎప్పటిసంది?’

‘ఎప్పటిసందేంది? మొదటినాటి సంది. ఎరుక లేనిదెవలికి? మేం అడుగకపోతిమి, మీరు చెప్పకపోతిరి. గట్లనే నడవాలె. ఇయ్యాల గంత మందిల చెప్తివనుకో, ఇన్నంక తాగొస్తదా?’

‘ఆ పిల్ల గూడ మంచిదే,’ అన్నాడు ఎల్లేశం. ‘తాడు దాటి రాలె.’

‘మంచిదే,’ అంది ఐలవ్వ. ‘నువ్వు గూడ మంచిగ చేసినవ్ సదయ్యా.’

సదయ్య చాయ్ తాగాడు. దించుకున్న తల ఎత్తకుండా గ్లాసును కడిగే బకెట్లో వేశాడు. ఇన్నాళ్ళూ తాను ఒక సంగతి దాస్తున్నానని అనుకున్నాడు. అది ఎవరి దగ్గరా దాగలేదు. ‘ఎవల్లేరు’ అన్న మాటను అక్కడ నమ్మినవాళ్ళు డాక్టరు, గ్రామసేవక్ మాత్రమే. వాళ్ళిద్దరూ పాలు కొనరు.

మర్నాడు పొద్దున షిఫ్టులో యిర్మియా ఎప్పటిలాగే వచ్చాడు. ఇద్దరూ పని మొదలుపెట్టారు. పారల్లాంటి చెమ్మాసులతో బొగ్గును తట్టల్లోకి ఎత్తారు.

‘కోపమచ్చిందా బావా?’ అన్నాడు సదయ్య.

‘తట్ట వట్టు.’

‘చెల్లె ఏమన్నది?’

‘ఏమనలే. బర్రెకు మేత ఏసింది. మేత ఏసుడు ఆపలే.’

‘వచ్చే ఏడు మల్ల పెడ్తరు బావా. వచ్చే ఏడు గెలుస్తం.’

‘వచ్చే ఏడు గూడ ఎవల్లేరు గద,’ అన్నాడు యిర్మియా. తట్టను సదయ్య తలకెత్తాడు. మెడ మీద బరువు ఒక్కసారిగా పడకుండా, రోజూ ఎలా ఎత్తేవాడో అలాగే ఎత్తాడు. విసిరేసి ఉంటే బాగుండునని సదయ్యకు అనిపించింది.

ఆ వారమంతా కనకవ్వ పాలకు పోయింది. సువార్తమ్మ పిండి ఇచ్చింది. ఒక్క మాట మాట్లాడలేదని కనకవ్వ వచ్చి చెప్పింది. ‘తిడ్తె తియ్యగుండు,’ అంది. సదయ్య చర్చి వాడకు పోలేదు.

ఆదివారం గనికి సెలవు. చర్చి విడిచాక సువార్తమ్మ, యిర్మియా బర్రెనూ పెయ్యనూ తోలుకుని క్వార్టర్లకు వచ్చారు. పక్కదారిన రాలేదు. క్వార్టర్ల నడుమ వీధిలోంచి వచ్చారు. ఆడవాళ్ళు గడపల ముందు కూర్చుని బియ్యం ఏరుకుంటున్నారు, తలలు దువ్వుకుంటున్నారు. సువార్తమ్మ చర్చికి కట్టుకున్న తెల్లచీరలోనే ఉంది. పగ్గం ఆమె చేతిలో ఉంది. సదయ్య క్వార్టర్ ముందు ఆగింది.

‘అన్నా, పెంపు ఇడుస్తున్న.’

సదయ్య బయటికి వచ్చాడు. వీధి ఆ చివర నుంచి ఈ చివర దాకా చూశాడు. ‘అట్ల పక్కకు పోయి మాట్లాడుకుందం రా చెల్లె.’

‘పక్కకేముంటది? పెంపు నలుగుట్ల ఇస్తరు, నలుగుట్ల ఇడుస్తరు. ఇచ్చిననాడు నలుగురు లేకుండిరి. ఇడిచేనాడన్న ఉండనియ్యి.’

‘మొన్న తప్పయింది. చప్పుడుల నాకేం తోచలె.’

‘తోచింది అన్నా. నువ్వు జరిగి అడ్డం నిలవడ్డవ్. నేను చూసిన.’

సదయ్య బర్రె వైపు తిరిగాడు.

‘పొదుగు నిండున్నది,’ అంది సువార్తమ్మ. ‘పిండి ఇస్త. పిండకపోతె గడ్డకడ్తది.’

కనకవ్వ లోపలికి పోయి ఇత్తడి గిన్నె తెచ్చింది. వీధిలో అందరూ చూస్తుండగా సువార్తమ్మ చేతికిచ్చింది. సువార్తమ్మ చీర కుచ్చెళ్ళు ఎత్తి కూర్చుంది. పెయ్యను పూర్తిగా వదలకముందే బర్రె చేపింది. ధారల చప్పుడు వీధి అవతల గడపలకు కూడా వినిపించింది. గిన్నె నిండాక గడప మీద పెట్టి, సువార్తమ్మ మళ్ళీ పగ్గం పట్టుకుంది.

పెంపు విడిచేటప్పుడు యజమాని పగ్గం పట్టుకుని నలుగురికి వినపడేట్టు మూడు సంగతులు చెప్పాలి. పశువు ఎవరిది, ఎవరింట్లో మేసింది, ఎవరు పిండారు. ఆ మూడూ చెప్పేదాకా మేపినవాళ్ళు పగ్గం వదలరు. అవి చెప్పించుకోకుండా వదిలితే, మేపినవాళ్ళు ఏదో దొంగతనం చేసి పశువును తిరిగిచ్చారని అనుకుంటారు.

సదయ్య పగ్గం పట్టుకున్నాడు. రెండో కొస సువార్తమ్మ చేతిలో ఉంది.

‘బర్రె నాది,’ అన్నాడు. అది అందరికీ వినిపించింది.

మొదటింటి గడప మీద ఐలవ్వ లేచింది. చాటలో బియ్యం ఒకచోటికి చేర్చుకుని లోపలికి పోయి తలుపు వేసుకుంది. ఆమె పక్కింటావిడ దువ్వెన తీసుకుని లోపలికి పోయింది. తర్వాత ఒక్కొక్కరే లేచారు. ఎవరూ కోపంగా పోలేదు. పొయ్యి మీద ఏదో మరిచిపోయినట్టు పోయారు. వీధి పొడుగునా తలుపులు పడ్డాయి.

యిర్మియా ఆ తలుపుల వైపు చూసి, ‘రేపటి పాలు కావాలె గద వాళ్ళకు,’ అన్నాడు.

‘యిర్మియా ఇంట్ల మేసింది,’ అన్నాడు సదయ్య.

‘ఇంకోటి,’ అంది సువార్తమ్మ.

‘సువార్తమ్మ పిండింది.’

‘ఇనవడలే అన్నా.’

సదయ్య గొంతు సవరించుకున్నాడు. ‘సువార్తమ్మ పిండింది. వచ్చిననాటి సంది సువార్తమ్మనే పిండింది.’

ఆమె వీధిని ఒకసారి చూసింది. ‘తలుపులకు ఇనవడ్డది. చాలు తియ్యి,’ అంది. పగ్గం వదిలింది. బర్రె గంగడోలు మీద చెయ్యి వేసి తీసేసింది. కనకవ్వతో, ‘చప్పుడు చెయ్యకుంట కూసో వదినె, తియ్యగ పిలువు, నెమ్మదిగ చేపుతది’ అని చెప్పి నడిచింది. యిర్మియా సదయ్యను చూసి, ‘రేపు మొదటి షిఫ్టే గద,’ అన్నాడు. సదయ్య అవునన్నాడు. యిర్మియా ఆమె వెంట పోయాడు.

కొంతసేపటికి మొదటింటి తలుపు తెరుచుకుంది. ఐలవ్వ చెంబు పట్టుకుని వచ్చింది. వీధి చివరికి చూసి, ‘పోయిన్రా?’ అంది.

‘పోయిన్రు అవ్వా.’

‘ఆ గిన్నెల పాలు చల్లారకముందే పొయ్యి. కోడలు చాయ్ పెట్టింది.’

చెంబు ముందుకు చాచింది. కనకవ్వ కదల్లేదు. మొగుడి వైపు చూసింది.

‘సువార్తమ్మ పిండింది అవ్వా,’ అన్నాడు సదయ్య.

ఐలవ్వ చెంబు వెనక్కి తీసుకుంది. ‘నేనడిగిన్నా?’ అంది. ‘నేనడిగిన్నా నిన్ను?’

‘అడగలే. నేనే చెప్తున్న.’

‘పోయేకాలం,’ అంది ఐలవ్వ. ఖాళీ చెంబుతో వెనక్కి పోయి తలుపు వేసుకుంది.

సదయ్య వీధి చివరికి చూశాడు. సువార్తమ్మ తెల్లచీర కనిపించలేదు. ఆ మాట ఆమె వినలేదు.

‘గా మాట మొన్న మైదానంల ఏడవోయింది?’ అంది కనకవ్వ. గిన్నె తీసుకుని లోపలికి పోయింది.

బర్రె పగ్గం లాగుతోంది. క్వార్టర్ ముందు దాన్ని కట్టెయ్యడానికి గుంజ లేదు. గనికి సెలవైనా కొందరు మనుషులు గని వైపు నుంచి వస్తున్నారు. సదయ్య పగ్గం పట్టుకుని అక్కడే నిలబడ్డాడు.